ముందు తీసిన మడవ

హంసిక కళ్ళల్లో పసుపు పోయింది.

వార్డులో వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి, పిల్ల కింది రెప్ప లాగి, కొత్త నగ చూసినట్టు చూసి పోతున్నారు. నర్సు చూసింది. గదులు తుడిచే ఆవిడ చీపురు పక్కన పెట్టి మరీ చూసింది. ఎదుటి గదిలో ఉండే సుభాని తల్లి కాశింబీ రెండుసార్లు చూసి, "మల్లెమొగ్గ తల్లీ! అచ్చం మల్లెమొగ్గ!" అని పిల్ల బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

"మేడం ఇంకా చూడలేదుగా," అంది హంసిక, తలుపు దగ్గర నిలబడ్డ పేరిందేవి వైపు ఓరగా చూస్తూ. ఆరేళ్ళ పిల్ల. 'మేడం' అనే మాటని చప్పరించే బిళ్ళలా కాసేపు నోట్లో ఉంచుకుని వదిలింది.

ఎందుకంటే పేరిందేవి ఆ పిల్లకి మేడం కాదు, పెద్దమ్మ. హంసిక తల్లి రత్నానికి తోడబుట్టిన అక్క. ఆ సంగతి ఆ ఆస్పత్రిలో ఈ ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదు.

పేరిందేవి దగ్గరికొచ్చి, వంగి, పిల్ల కళ్ళకేసి కాకుండా బొట్టుకేసి చూసి, "బాగున్నాయి," అంది.

"అట్టా చూస్తారా ఎవరన్నా?" అని మూతి ముడిచింది పిల్ల.

కాశింబీ నవ్వి పేరిందేవి చెయ్యి పట్టుకుంది. "మీ చేతి చలవేనమ్మా ఇదంతా. ఏడుగురు పిల్లలకి కార్జం పంచిన చెయ్యి. మావాడికే కాస్త నిదానంగా పట్టుకుంటన్నట్టుంది. పర్లేదులే. ఒక్క కార్జం పంచుకున్నోళ్ళు గదా, అన్నదమ్ములూ అక్కాచెల్లెళ్ళే ఈళ్ళంతా. ఒకరికి ముందొచ్చిద్ది, ఒకరికి ఎనకొచ్చిద్ది."

ఎదుటి గదిలోంచి ఏడేళ్ళ సుభాని మూలిగాడు. కాశింబీ చెయ్యి వదిలి పరిగెత్తింది. పేరిందేవి ఆ చేతిని చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది, దానికి ఏదో అంటుకున్నట్టు.

*

ఒంగోలు దాటాక హైవే పక్కన ఉన్న ఆ సంస్థకి బోర్డు మీద రెండు వరుసల పొడుగు పేరుంది. ఆటోవాళ్ళు మాత్రం 'కార్జాల కంపెనీ' అంటారు. వాళ్ళన్నదే సరైన పేరు. లోపల పెద్ద గాజు తొట్టిలో, గోరువెచ్చటి ద్రవంలో, గుప్పెడు మానవ కణాల నుంచి కాలేయాన్ని పెంచుతారు. ఎనిమిది నెలలు పడుతుంది. భాస్కరం అనే ఆయన చంటి దూడని సాకినట్టు దాన్ని సాకుతాడు. తొట్టిలో పెరిగిన కార్జం మామూలు మనిషి కార్జానికి రెండింతలు ఉంటుంది. దాన్ని పంచితే ఏడుగురు పిల్లలు బతుకుతారు. చిన్న ముక్క అయినా, లోపలికి రక్తం వచ్చే నాళం ఒకటి, బయటికి పోయే నాళం ఒకటి ఉంటే చాలు, పొట్టలో కుదురుకుని పెరుగుతుంది.

పెంచడం వాళ్ళకి ముందే వచ్చింది. పంచడమే రాలేదు.

తొట్టిలోంచి తీసిన కార్జాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో దాని నమూనా కట్టేవాళ్ళు. లోపలి నాళాలతో సహా నిండుగా ఉన్న ఘనరూపం. దాన్ని తెర మీద ఏడు వేరువేరు ముక్కలుగా విడదీయాలి. ఆ లెక్క ప్రకారం 'అలకత్తి' కోస్తుంది. అది పేరుకే కత్తి, దానికి పదునూ లేదు, మొనా లేదు. నలువైపుల నుంచి వచ్చే శబ్దతరంగాలు నమూనాలో గీసిన చోట కలుసుకుంటాయి. అక్కడ కణం కణాన్ని వదిలేస్తుంది. నాళాల మూతులు వాటంతటవే మూసుకుంటాయి. కాకపోతే బయటికి తీసిన కార్జం ఊరుకోదు. గంట తిరక్కుండానే ఉబ్బి ఆకారం మారుతుంది. ఆలోగా పంపకం తేలకపోతే తెర మీది బొమ్మ వేరు, పళ్ళెంలో ఉన్న ముద్ద వేరు.

పేరిందేవికి ముందు పని చేసినవాళ్ళు ఆ నమూనాని జున్ను కోసినట్టు కోసేవాళ్ళు. ఒక కోత వేస్తే రెండు ముక్కలు. రెండో కోత ఆ రెండు ముక్కలతోనూ తగువు పడాలి, మూడోది ఉన్న అన్నింటితోనూ పడాలి. కోత పెరిగేకొద్దీ లెక్క చాంతాడంత అయ్యేది. కంప్యూటరు రొప్పుతూ జవాబు చెప్పేసరికి రెండు కార్జాలు చెత్తలో పోశారు. రెండో దానికి భాస్కరం ఏడ్చాడు.

పేరిందేవి ఇంజినీరు. పంపుసెట్ల కంపెనీలో ఇనప భాగాలకి నమూనాలు గీసి గీసి వచ్చింది. అయితే ఆమెకి ఉపాయం ఆ కంపెనీలో తట్టలేదు. కాలవ చివర ఉన్న నాన్న పొలంలో, వంతు నీళ్ళ కోసం గట్టు మీద కూర్చున్న రోజుల్లోంచి వచ్చింది.

"కొయ్యొద్దండీ. పారిద్దాం," అంది మొదటి రోజే.

ఏడు నాళాల మొదళ్ళ దగ్గర, చేలోకి నీళ్ళు వదిలే గండ్లలా, ఏడు మడవలు. అన్నీ ఒక్కసారే తియ్యాలి. మడవకొక రంగు. నాళం వెంట కొమ్మలోకి, కొమ్మలోంచి రెమ్మలోకి పారుతుంది. రెండు రంగులు ఎక్కడ ఎదురైతే అక్కడ గట్టు. ముద్దలోని ప్రతి చుక్కనీ కంప్యూటరు ఒక్కటే అడుగుతుంది, అదీ ఒక్కసారే: ఎవరి నీళ్ళు ముందొచ్చాయి నీ దగ్గరికి? అంతే. కోతా లేదు, తగువూ లేదు. ఒక్క పారుదలలో ఏడు వాటాలూ విడిపోతాయి.

ఆ ముక్కల్ని ఇంజినీర్లు 'బాడీలు' అంటారు. సర్జన్ డాక్టర్ సలోమి ఆ మాట వినగానే బల్ల మీద చరిచింది. "ఆస్పత్రిలో ఆ మాట అనకు తల్లీ, నర్సులు దడుచుకుంటారు. వాటా అను." ఆ తర్వాత తెర మీద ఏడు రంగులు విచ్చుకోవడం కుర్చీ ముందుకి లాక్కుని చూసింది. "ఇంజినీరని తీసుకున్నాం గానీ, నువ్వు నీళ్ళ వంతులు చూసేదానివే," అంది చివరికి. ఆమె నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు.

*

ఆ సంస్థలో ఒక నియమం ఉంది. చుట్టాల పిల్ల వరసలో ఉంటే ఆ పంపకంలో చెయ్యి పెట్టకూడదు. పిల్లల పేర్లు కూడా తెలియనివ్వరు. ఒకటి, రెండు, మూడు అని అంకెలే.

హంసికకి పుట్టినప్పటి నుంచీ కార్జం జబ్బు. రత్నం భర్త పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పని వదులుకోలేడు, రత్నమే పిల్లని వేసుకుని ఆస్పత్రులు తిరిగేది. వరసలో చోటు దొరికిన రోజు పేరిందేవి చెల్లెలికి గట్టిగా చెప్పింది. "అక్కడ నన్ను అక్కా అనబాకు. తెలిస్తే నన్ను పక్కన పెడతారు. ఈ పని చేసేవాళ్ళు ఇంకొకరు లేరు. పంపకం ఆగిపోద్ది." ఆ చెప్పిన కారణంలో అబద్ధం లేదు. అందుకే అది అంత బాగా అతికింది.

పేర్లు లేకపోయినా పొట్టలున్నాయి. వాటా సరిపోతుందో లేదో చూడటానికి ఏడుగురు పిల్లల పొట్టల నమూనాలూ ఆమె దగ్గరికే వచ్చాయి. మూడో నమూనాలో ఎడమవైపు ఒక పక్కటెముక వంకరగా అతుక్కుని ఉంది. మూడేళ్ళప్పుడు హంసిక నులకమంచం మీంచి దూకి విరగ్గొట్టుకున్న ఎముక. ఆ రోజు పిల్లని ఎత్తుకుని పరిగెత్తింది పేరిందేవే.

మడవలు ఎప్పుడు తియ్యాలో చెప్పే చిన్న గడులు తెర మీద ఒక మూల ఉంటాయి. మరీ సన్నటి నాళం ఉన్న వాటాకి కాస్త ముందు తీసి సరిచేద్దామని మొదట్లో ఆమే పెట్టుకుంది. తర్వాత అవసరం పడలేదు. పంపకం రోజున ఏడింటిలోనూ సున్నా ఉండాలి.

పంపకం రోజున మూడో గడిలో ఆమె సున్నా చెరిపి ఇంకో అంకె వేసింది.

పెద్ద అంకె కాదు. రెప్పపాటంత. పిల్ల మరీ పుల్లలా ఉంది, ఒక్క చెంచాడు ఎక్కువుంటే తట్టుకుంటుందిలే అనుకుంది. పొలాల్లో ఈ పని చేసినవాళ్ళని ఆమె ఎరుగును. ఎదురుపడితే చెంబుతో మంచినీళ్ళిచ్చే మనుషులే. పక్కవాడి చేను ఎండిపోవాలని ఎవరూ ముందు మడవ తియ్యరు. తమ చేను తడవాలనే తీస్తారు. ఎండే చేనుకి మాత్రం ఆ తేడా తెలియదు.

రంగులు పారాయి. మూడో వాటాది కనకాంబరం రంగు. అది అయిదో వాటా హద్దు దగ్గర నాళం రెండుగా చీలిన చోటికి రెప్పపాటు ముందు చేరింది. ఆ చీలికను మింగి అవతల గట్టు వేసింది. బయటికి రక్తం పోయే పెద్ద కొమ్మ అటు పోవాల్సింది, ఇటు వచ్చింది. అయిదో వాటాకి ఒక సన్న రెమ్మ మిగిలింది. వచ్చే దారి ఉందా, పోయే దారి ఉందా అని కంప్యూటరు ఏడు వాటాలనీ పరీక్షించింది. రెమ్మ కూడా దారే. అన్నింటికీ పచ్చ గుర్తు పడింది.

పేరిందేవి ఆ గట్టుని చూసింది. తప్పుచోట పడిందని తెలిసింది. మళ్ళీ పారించడానికి టైముంది.

"అయిందా?" అని అడిగింది సలోమి, చేతులకి తొడుగులు వేసుకుంటూ.

"అయింది డాక్టరుగారూ."

*

రత్నమూ కాశింబీ వరండాలో ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళు. రోగుల మనుషుల కోసం వేసిన రేకుల పంచ అది. ఒకరు అన్నం వారిస్తే ఒకరు పప్పుకి తాలింపు వేసేవాళ్ళు. కాశింబీ భర్త చీరాలలో ఆటో నడుపుతాడు. ఆదివారం వస్తే అందరికీ ఆటోలోనే చేపలొచ్చేవి.

హంసిక లేచి తిరుగుతోంది. సుభాని పొట్ట మాత్రం రోజురోజుకీ ఉబ్బుతోంది. వాడి కార్జంలోకి రక్తం వస్తోంది గానీ పోవడం లేదు. నీళ్ళు పోయే దారి లేక ఉరకెత్తిన చేను ఎలా ఉంటుందో పేరిందేవికి తెలుసు. పైన పచ్చగానే కనిపిస్తుంది, వేళ్ళు కుళ్ళిపోతాయి.

"ఎందుకిలా అయింది?" అని సలోమి అందర్నీ కూర్చోబెట్టి అడిగింది. "అయిదో వాటాకి పోయే నాళం దారప్పోగులా ఉంది. తొట్టిలోనే సరిగ్గా పెరగలేదా భాస్కరం?"

భాస్కరం లేచి నిలబడ్డాడు. "నాకు తెలిసి అన్నీ బానే పెరిగినయ్యండీ."

"బాగా పెరిగితే ఇదేంటి? మందు ఎక్కడన్నా తగ్గించావా? నిజం చెప్పు."

"తగ్గించుంటానేమోనండీ," అన్నాడు ఆయన, అప్పటికే తన మీద తనకి నమ్మకం పోయి. "ఒకరోజు మా అమ్మకి బాలేక పొద్దున ఆలస్యంగా వచ్చా. అప్పుడేమన్నా..."

అక్కడిదాకా పేరిందేవి నోరు కుట్టుకునే ఉంది. చెయ్యని తప్పుని ఆ మనిషి తనలో వెతుక్కుని, దొరక్కపోతే తయారుచేసుకుంటుంటే చూడలేకపోయింది. మిగతావాళ్ళు వెళ్ళాక సలోమి గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. మూడో అంకె పిల్ల ఎవరో చెప్పింది. గడిలో అంకె చెప్పింది. గట్టు తప్పుచోట పడటం చూసి కూడా అయిందన్నానని చెప్పింది. ఆఖరిది చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

సలోమి అరవలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నా చేతులతో వాడి పొట్టలో దాన్ని కుట్టాను," అంది. "నువ్వు చూస్తా నిలబడ్డావు."

"అవునండీ."

"ఇంకో కార్జం పెంచేదాకా వాడు ఉండడు."

"తెలుసండీ. హంసిక దగ్గరున్న ఆ కొమ్మ... దాంతోపాటు కొంత... మళ్ళీ విడదీస్తే వాడిది వాడికి అతుకుతుంది. నమూనాలో చూశాను."

"చూశావా! ఎప్పుడు?"

"వాడి పొట్ట ఉబ్బిన మొదటి రోజే."

సలోమి కిటికీ వైపు తిరిగింది. "నిన్ను ఇప్పుడే గేటు బయటికి పంపాలి. కానీ ఆ కొమ్మని విడదీయడం నీకు తప్ప ఎవరికీ రాదు. అది చేసి పో. ముందు వెళ్ళి పిల్ల తల్లిని ఒప్పించు. నేను అడగను. ఏ మొహం పెట్టుకుని అడగాలి?"

*

రత్నం పూర్తిగా వింది. చేతిలో ఉన్న గరిటె అలాగే ఉంది.

"అక్కా, చెప్పమని ఎవరడిగారు నిన్ను?"

"భాస్కరం ఉద్యోగం పోయేట్టుందే."

"ఆయనకి ఇంకో ఉద్యోగం దొరికిద్ది. నా పిల్లకి ఇంకో పొట్ట దొరికిద్దా?"

"సుభాని పోతాడు రత్నం."

"ముందు తియ్యమని నేనడిగానా నిన్ను? పోనీ, తీశావు. తీసినదానివి కడుపులో పెట్టుకో. ఇప్పుడు మళ్ళా కోస్తానంటే... దానికి ఏమన్నా అయితే?"

"పిల్లది బాగా పెరిగింది. కొంత తీసినా మళ్ళా పెరుగుద్ది. కాకపోతే..."

"ఆ, కాకపోతే?"

"కాకపోతే అని లేకుండా ఏ కోతా ఉండదే."

"పో ఇక్కణ్ణుంచి," అంది రత్నం. "పో. నిజంగానే మేడం అయిపో మాకు."

గరిటె కడాయిలో పడేసి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక, అలవాటుగా ఎదుటి గదిలోకే వెళ్ళింది. కాశింబీ కొడుకు పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. రత్నాన్ని చూసి కుర్చీ వదిలి కింద కూర్చుంది.

"రా రత్నమ్మా. నోరు కూడా తెరవడం లేదు ఈడు. ఒలిచిందాకా ఉండి వద్దన్నాడు. ఎండబెట్టుకోవడం ఎందుకు, పిల్లకి పెట్టు." తొనలన్నీ రత్నం దోసిట్లో పోసింది. "ఎవరో ఒకరు తింటే నాకు బాగుంటది."

రత్నం తిరిగి వచ్చేసరికి పేరిందేవి అక్కడే, మాడుతున్న కూర ముందు నిలబడి ఉంది. రత్నం గుప్పిట్లోంచి బత్తాయి రసం మోచేతి దాకా కారుతోంది.

"చెయ్యండి," అంది. "అయితే ఒక మాట. మా పిల్ల దానం ఇచ్చిందని చెప్పాలి. దొంగసొత్తు తిరిగిస్తన్నామంటే నేను ఒప్పుకోను. అది ఏం చేసింది పాపం? రేపు పెద్దదైతే దొంగ కార్జం పిల్లా అని పిలిపించుకోవాలా?"

పేరిందేవి ఆ మాట మోసుకుని వెళ్ళింది. సలోమికి చెబితే ఆమె కళ్ళు మూసుకుని, "నాకు వాడు బతకాలి," అంది. అలా ఆ అబద్ధానికి డాక్టరు కూడా తోడయింది.

*

ఈసారి మడవలు రెండే.

తెర మీద ఉన్నది తొట్టిలో పెరిగిన ముద్ద కాదు. హంసిక లోపల ఊపిరితో పాటు కొద్దిగా లేచి పడుతున్న కార్జం. పక్క గదిలో పిల్ల మత్తులో ఉంది. మత్తిచ్చే ముందు, "మేడం, నొప్పెట్టకుండా చూడు," అంది. పేరిందేవి తల ఊపింది.

"గడులు చూపించు," అంది సలోమి వెనకనుంచి.

"రెండూ సున్నా."

రంగులు పారాయి. ఎదురయ్యాయి. గట్టు చీలికకి ఇవతల పడింది, ఆ రోజు ఎక్కడ పడి ఉండాల్సిందో సరిగ్గా అక్కడ. పెద్ద కొమ్మ అటు పోయింది. ఇటు మిగిలిన కనకాంబరం రంగు చిన్నదైపోయినట్టు, ఇంత పిల్లకి ఇంతేనా అన్నట్టు కనిపించింది. లెక్క ప్రకారం సరిపోతుంది. కళ్ళకి సరిపోవడం లేదు.

పేరిందేవి వేలు దానంతటదే మూలనున్న గడి మీదికి జరిగింది. తన వేలు తనకే పరాయిదిలా కనిపించింది. ఒకసారి చేసి పశ్చాత్తాపంతో కాలిపోయిన మనసు రెండోసారి ఆ పని చెయ్యదని ఆమె నమ్ముకుంది. మనసు చెయ్యదేమో. వేలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

సలోమి చూసింది.

వేలు వెనక్కి వచ్చింది. "మీరు నొక్కండి డాక్టరుగారూ," అంది పేరిందేవి.

"నువ్వే నొక్కు. నీ చేత్తో పోయింది, నీ చేత్తోనే రావాలి."

నొక్కింది. అలకత్తి చప్పుడు చెయ్యదు. పక్క గదిలో పిల్ల పొట్టలో కణం కణాన్ని వదిలేసింది.

*

సుభాని పొట్ట వాపు తీసింది. పళ్ళు ఊడిన నోటితో నవ్వాడు, గుడ్డు కావాలన్నాడు. హంసికకి జ్వరం వచ్చింది. కళ్ళల్లో పసుపు మళ్ళీ తొంగిచూసి, అందర్నీ భయపెట్టి, మెల్లగా పోయింది. పొట్ట మీద పాత గీత పక్కన కొత్త గీత మిగిలింది.

పేపరువాళ్ళు వచ్చారు. 'చిట్టి దాత' అని రాశారు. హంసిక మెడలో దండ వేసి ఫోటో తీశారు. రత్నం మొదట తల దించుకునే ఉంది. నలుగురూ పొగిడేసరికి మెల్లగా తలెత్తింది. నాలుగో మనిషికి చెప్పేటప్పటికి, "పిల్లే అడిగిందండీ, ఇస్తానమ్మా అని," అనేదాకా వచ్చింది. విన్న పేరిందేవికి చెల్లెలి మీద కోపం రాలేదు. ఆ అబద్ధానికి విత్తు వేసింది తనే.

సలోమి మాట తప్పలేదు. పేరిందేవి ఉద్యోగం పోయింది. భాస్కరం మీద మాట తీసేశారు. ఎందుకు వేశారో, ఎందుకు తీశారో ఆయనకి ఎవరూ చెప్పలేదు. రాబోయేవాళ్ళకి పని నేర్పి వెళ్ళమంటే పేరిందేవి నేర్పింది. తెర మీద ఆ చిన్న గడులని పూర్తిగా తీసేసింది.

సామాను తీసుకోవడానికి వచ్చిన రోజున పిల్లలిద్దరినీ కూడా ఇంటికి పంపుతున్నారు. రేకుల పంచలో అంతా పోగయ్యారు. కాశింబీ పెద్ద స్టీలు డబ్బాతో ఆటో దిగింది. నెత్తిన కొంగు నిండుగా ఉంది.

"ఆగండి, ఆగండి, ఎవరూ కదలబాకండి!" అంది. "దర్గాలో పిల్ల పేరు మీద ఫాతెహా చదివించుకుని వస్తన్నా. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి పోసి మలీదా చేశా. హంసికమ్మకి మొదటి ముద్ద. ఏదీ, నోరు తెరువు నా తల్లి."

హంసిక తెరిచింది. బుగ్గ నిండా మలీదా పెట్టుకుని పేరిందేవి చీర పట్టి లాగింది. "పెద్దమ్మా, నువ్వు కూడా తిను. భలే ఉంది."

రత్నం మొహం పాలిపోయింది.

కాశింబీ పకపకా నవ్వింది. "అట్నే పిలు తల్లీ. మేడమంటే ఏముంది, గాలికి పోయే మాట. పెద్దమ్మంటే కడుపులో నుంచి వచ్చిద్ది. ప్రాణం పోసినామె పెద్దమ్మ గాక మరేంది?"

నిజం మీద తలుపు దానంతటదే మూసుకుంది. గడియ కూడా పడింది. పేరిందేవి నవ్వి ఊరుకుంటే చాలు, అందరూ మలీదా తిని ఎవరి దారిన వాళ్ళు పోతారు. రత్నం కళ్ళతో అదే బతిమాలుతోంది.

"కాదు కాశింబీ," అంది పేరిందేవి. "నేను నిజంగానే పెద్దమ్మని. రత్నం నా చెల్లెలు."

"అక్కా!"

"హంసిక మీవాడికి దానం ఇవ్వలేదు. మీవాడిది మీవాడికే వచ్చింది. మొదట పంచినప్పుడు నేను దాన్ని ఇటు మళ్ళించాను. కావాలనే. వాడి పొట్ట ఉబ్బింది అందుకే."

కాశింబీకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. డబ్బా చంకలోంచి జారబోతే సర్దుకుంది. రత్నాన్ని చూసింది. పంచ మెట్ల మీద నిలబడ్డ సలోమిని చూసింది.

"డాక్టరమ్మకి తెలుసా?"

"తెలుసు."

"రత్నమ్మకి?"

"తెలుసు."

"అందరికీ తెలిసి, నేనొక్కదాన్నే సలాములు చేసుకుంటా తిరిగానన్నమాట." గొంతు పెంచలేదు. ఎన్ని సలాములు చేసిందో లెక్క చూసుకుంటున్నట్టు ఉంది. తర్వాత పేరిందేవి ఎదురుగా వచ్చి నిలబడింది. మీరు, అమ్మా అనే మాటలు ఆమె నోట్లోంచి పోయాయి. "తీసేటప్పుడు ఎవరిది తీస్తన్నావో తెలుసా నీకు?"

"తెలియదు. అయిదు అన్న అంకె ఒక్కటే తెలుసు."

"మా సుభాని అని తెలిసుంటే తియ్యకపోదువా?"

అవునంటే సరిపోయేది. కాశింబీ కూడా ఆ మాట కోసమే అడిగినట్టుంది.

"ఏమో," అంది పేరిందేవి. "తీసేదాన్నేమో."

రత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. సుభాని, హంసిక డబ్బాలో చెయ్యి పెట్టడానికి పోట్లాడుకుంటున్నారు. కాశింబీ వాళ్ళిద్దరినీ మోచేత్తో పక్కకి నెట్టింది.

"కేసు పెట్టేదీ లేందీ మా ఆయన్ని అడిగి చెప్తా," అంది. ఆ మాట అనేసి డబ్బా ముందుకి పెట్టుకుని పంచడం మొదలుపెట్టింది. భాస్కరానికి పెట్టింది. నర్సుకి పెట్టింది. తుడిచే ఆవిడ దోసిట్లో పెట్టింది. సలోమికి పెట్టింది, మొహం చూడకుండా. రత్నం ముందు కాసేపు ఆగి, తర్వాత పెట్టింది. రత్నం ఏడుస్తూనే అందుకుంది.

పేరిందేవి సంచీ భుజాన వేసుకుని మెట్ల వైపు తిరిగింది.

"ఏయ్. ఆగు."

ఆగింది.

"ఇది చదివించిన తీపి. ఎదురుగా ఉన్న మనిషికి లేదనకూడదు," అంది కాశింబీ. "అందుకని పెడతన్నా. నీకని కాదు."

పేరిందేవి దోసిలి పట్టింది. కాశింబీ గుప్పెడు తీసింది. ఆ గుప్పిట్లో ఎక్కువైందేమో అని చూసుకుని, కాస్త వెనక్కి రాల్చి, అందరికీ పెట్టినంతే ఆమెకీ పెట్టింది.